కాలవ కట్ట నుంచి డోర్ నంబరు దాకా: మా అమ్మ ఇంటికి పట్టిన నాలుగేళ్ళు

మేం యానాదులం, ఎస్టీలం. నెల్లూరు నుంచి సముద్రం వైపు బస్సెక్కితే ముప్పావు గంటలో మా ఊరు. మేం ఉండేది ఊరి బయట, కాలవ కట్ట మీద. నేను పుట్టింది ఇంకా అవతల, రొయ్యల గుంట గట్టు మీద కాపలా గుడిసెలో. నాయన పాము కరిచి అక్కడే పోయాడు. ఆ తర్వాత అమ్మ, నేను, చెల్లెలు కట్ట మీదికి వచ్చేశాం. నేను గురుకులంలో చదివి, డిగ్రీ చేసి, ఇప్పుడు నెల్లూరులో పార్శిళ్ళు ఇచ్చే పని చేస్తున్నా. రోజుకు ఎనభై తొంభై తలుపులు తడతా. ప్రతి పార్శిల్ మీదా డోర్ నంబరు, వీధి, పిన్‌కోడ్ ఉంటాయి. మా అమ్మకు మాత్రం మొన్న డిసెంబరు దాకా ఏ నంబరూ లేదు.

మావాళ్ళు చాలామంది ఇంకా కట్టల మీదా గుంటల మీదా ఉన్నారు. వాళ్ళ పిల్లల్లో ఎవరో ఒకరు చదువుతారని తేదీలతో సహా రాస్తున్నా.

2021 నవంబరు మూడో వారంలో పెన్న పొంగింది. సోమశిల నుంచి వదిలిన నీళ్ళకు కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు వేలాడాయి, అదందరూ టీవీలో చూశారు. మా కాలవ కూడా ఆ రాత్రే కట్ట దాటింది. నేను నెల్లూరులో రూములో ఉన్నా, ఫోన్లు కలవలేదు. అమ్మా చెల్లెలూ రెండు గిన్నెలు, ఒక దుప్పటి, నా డిగ్రీ సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ కవరు తీసుకుని బడికి చేరారు. ఆరు రోజులు బళ్ళో ఉన్నారు. అన్నం బాగానే పెట్టారు. ఇంటికి రెండు వేలు, పాతిక కిలోల బియ్యం ఇస్తామన్నారు గానీ అవి బియ్యం కార్డున్న వాళ్ళకి. మాకు కార్డు లేదు. చెల్లెలికీ నాకూ బడిలో తీసిన ఆధార్ ఉంది, అమ్మకు అదీ లేదు. లైన్లో నిలబడి ముందు దాకా వెళ్ళి, వట్టి చేతులతో వెనక్కి వచ్చింది అమ్మ. ఎవరినీ ఏమీ అనలేదు. "మన పేరు యాడా లేదంటరా" అని నాతో మెల్లగా చెప్పింది. ఆ మాటే నన్ను ఇన్నాళ్ళు తిప్పింది.

డిసెంబరులో సెలవు పెట్టి మా ఊరి సచివాలయానికి వెళ్ళా. అప్పట్లో అర్హులకు 90 రోజుల్లో ఇంటి స్థలం అని బోర్డులు పెట్టి ఉన్నారు. అక్కడి వెల్ఫేర్ అసిస్టెంట్ నా వయసు కుర్రాడే, ఓపికగా కూర్చోబెట్టి చెప్పాడు. స్థలం కావాలంటే బియ్యం కార్డు కావాలి. కార్డు కావాలంటే ఆధార్ కావాలి, ఇంటి మ్యాపింగ్‌లో, అంటే ఏ ఇంట్లో ఎవరున్నారో వాలంటీర్లు ఎక్కించే లెక్కలో, పేరుండాలి. ఆధార్‌కు చిరునామా రుజువు కావాలి. "మీ ఇంటి నంబరు చెప్పన్నా" అన్నాడు. లేదన్నా. పెన్ను పక్కన పెట్టాడు. 90 రోజులు అప్లికేషన్ తీసుకున్నాక మొదలవుతాయి. అప్లికేషన్ దాకా రావడానికే మాకు పద్నాలుగు నెలలు పట్టింది.

ఏ కాగితమూ లేనివాళ్ళకి ఆధార్‌లో ఒక దారి ఉంది, అది చాలామందికి తెలీదు. ఆధార్ సంస్థ వాళ్ళ నమూనా ఫారం ఉంటుంది. అందులో పేరు, చిరునామా రాసి, ఫొటో అంటించి, గెజిటెడ్ అధికారితో సంతకం, సీలు వేయించుకుంటే అదే రుజువుగా తీసుకుంటారు. మూడు నెలలే చెల్లుతుంది. సీలు సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. మాకు మొదటిసారి సీలు పూర్తిగా అమ్మ మొహం మీద పడింది, సెంటర్లో చెల్లదన్నారు. మళ్ళీ ఫారం, మళ్ళీ ఫొటో, మళ్ళీ సంతకం. గురుకులంలో నాకు లెక్కలు చెప్పిన సారు తనకు తెలిసిన అధికారి దగ్గరికి రెండుసార్లూ వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆయన లేకపోతే ఆ గది తలుపు కూడా నేను తోసేవాణ్ణి కాదు. చిరునామా కింద, కట్టకు దగ్గర్లో ఉన్న చాకలి పెద్దమ్మ డోర్ నంబరు వేసుకోమని ఆమే ఇచ్చింది. "నా ఇంటి నంబరేగా, అరిగిపోతదా" అంది.

2022 ఫిబ్రవరి 14న అమ్మను ఆధార్ సెంటర్లో కూర్చోబెట్టాం. వేలిముద్రలు పడలేదు.

ఆ పూట నేను మర్చిపోను. అమ్మ చేతులు ఎప్పుడూ చూస్తూనే ఉన్నా, అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఇరవై ఏళ్ళు గుంటల్లో సున్నం చల్లి, బ్లీచింగ్ కలిపి, వలలు లాగి, బొక్కల్లో చెయ్యి పెట్టి ఎండ్రకాయలు పట్టిన వేళ్ళు. చూపుడు వేలు కొస నున్నగా, గాజు గోళీలా ఉంది. గీతలే లేవు. బొటనవేలి మీద ఎండ్రకాయ కొరికిన పాత గాటు అడ్డంగా ఉంది. ఆపరేటర్ తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ పెట్టించాడు. ఎర్ర లైటు. నాలుగోసారికి అమ్మ చెయ్యి వణికింది, తప్పేదో చేసినట్టు చీర కొంగులో దాచుకుంది. చివరికి కళ్ళు స్కాన్ చేసి, వేళ్ళు పడనివాళ్ళ కింద నమోదు చేశాడు. అలా చేయొచ్చు. వేళ్ళు పడలేదని వెనక్కి పంపితే ఒప్పుకోకండి, కళ్ళతో చేయమని అడగండి.

వయసు దగ్గర మళ్ళీ ఆగాం. అమ్మకు తెలీదు. నా వయసు అడిగి, తన పెళ్ళినాటికి తనెంత ఉండేదో అడిగి, 1976 అని వేశారు. కార్డు మీద తేదీ, నెల లేకుండా సంవత్సరం మాత్రమే ఉంటుంది.

నలభై రోజులకు రిజెక్ట్ అని వచ్చింది. ఎందుకో సరిగా చెప్పలేదు. ఏప్రిల్‌లో కొత్త సర్టిఫికెట్‌తో మళ్ళీ వెళ్ళాం. పెద్దవాళ్ళకు కొత్తగా ఆధార్ అంటే పరిశీలన ఎక్కువ ఉంటుంది, ఆలస్యం అవుతుందన్నారు. ఆగస్టు 23న వచ్చింది. నమోదుకు రుసుము లేదు. కానీ ఆరు నెలల్లో అమ్మ పోగొట్టుకున్న కూలి రోజులు పదకొండు, నావి ఏడు. బస్సులకు, ఫొటోలకు, జిరాక్సులకు పన్నెండు వందలు.

బియ్యం కార్డుకు ఇంకో అడ్డం వచ్చింది. వాలంటీరు యాప్‌లో ఇళ్ళున్నాయి గానీ కట్ట లేదు. చాకలి పెద్దమ్మ నంబరు మీద చూపిద్దామంటే ఆ ఇంట్లో వాళ్ళ కార్డు ఉంది, ఒకే ఇల్లుగా చూపిస్తే మేమూ వాళ్ళూ ఒకే కుటుంబం అయిపోతాం, వాళ్ళకి స్లాబు ఇల్లుంది కాబట్టి మాకు స్థలం రాదు. ఇది ఆ వెల్ఫేర్ కుర్రాడే కనిపెట్టి ఆపాడు. వేరే కుటుంబంగా ఎక్కించాలని పైకి రాశాడు. సెప్టెంబరులో పెడితే 2023 జనవరిలో కార్డు చేతికొచ్చింది. కుల ధ్రువీకరణకు మాత్రం నా బడి సర్టిఫికెట్ చూపిస్తే విచారణ చేసి మూడు వారాల్లో ఇచ్చేశారు.

2023 ఫిబ్రవరిలో స్థలానికి దరఖాస్తు. జాబితా సచివాలయం గోడ మీద అంటించారు. నేను డ్యూటీలో ఉంటే చెల్లెలు ఫొటో తీసి పంపింది. ట్రాఫిక్‌లో బండి పక్కకు తీసి, ఫొటో పెద్దది చేసి, అమ్మ పేరు చదువుకున్నా. జులైలో పట్టా ఇచ్చారు. పల్లెల్లో సెంటున్నర, అంటే 72 గజాల చిల్లర. పట్టా ఆడవాళ్ళ పేరునే. అమ్మ ఆ కాగితాన్ని నాకివ్వలేదు, ఆ పూట తన దగ్గరే పెట్టుకుంది.

మర్నాడు స్థలం చూడ్డానికి పోయాం. ఊరికి రెండున్నర కిలోమీటర్లు. రాళ్ళు పాతారు, ఎర్రమట్టి రోడ్డు వేశారు. నాకు బాగానే అనిపించింది. అమ్మ చుట్టూ తిరిగింది, కూర్చుని తుంగ పీకి చూసింది, కాలితో ఒక బొక్క చుట్టూ గీసింది. "ఈడ ఎండ్రకాయ ఉండాదిరా. అంటే నీళ్ళు ఈడిదాకా వస్తయ్. కింద కట్టబాక" అంది. ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఇచ్చిన ప్లాన్ కంటే బేస్‌మెంట్ అడుగున్నర ఎత్తు పెంచాలని పట్టుబట్టింది. ఆ పెంచిన ఎత్తుకు ప్రభుత్వం బిల్లు ఇవ్వదు. నేను వద్దన్నా. అమ్మ వినలేదు.

సెప్టెంబరులో ఇల్లు మంజూరైంది. యూనిట్, అంటే ఒక్కో ఇంటికి ఇచ్చేది, లక్షా 80 వేలు. అందులో 30 వేలు ఉపాధి హామీ కూలి కింద వచ్చేది, దానికి జాబ్ కార్డు కావాలి. అమ్మకు లేదు, అదొక నెలన్నర. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిపితే చాలదు, ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో దానికి మళ్ళీ వేరే లింకు చేయించాలి. బ్యాంకులో ఆ ఫారం అడిగి మరీ పెట్టండి.

అసలు చిక్కు ఇక్కడుంది. డబ్బు ముందు ఇవ్వరు. బేస్‌మెంట్ అయ్యాక కొంత, రూఫ్ లెవల్‌కు కొంత, స్లాబు పడ్డాక కొంత, పూర్తయ్యాక కొంత. మొదటి ఇటుక మన డబ్బుతో పెట్టాలి. ఇరవై టన్నుల ఇసుక ఉచితమే గానీ ట్రాక్టరు బాడుగ మనది, ఎత్తుడు కూలీ మనదే. చేతిలో పది రూపాయలుంటే కట్ట మీద ఎందుకుంటారు?

అమ్మ పనిచేసే గుంటల ఆసామికి సంగతి తెలిసింది. 50 వేలు అడ్వాన్సు ఇస్తా, అమ్మా చెల్లెలూ రెండేళ్ళు గుంట మీదే ఉండాలి అన్నాడు. వడ్డీ లేదన్నాడు. మాటలో మంచితనమే ఉంది. కానీ మా నాయన కూడా ఒక అడ్వాన్సు మీదే ఆ గట్టుకు వెళ్ళాడు. అది తీరకముందే పోయాడు, మిగిలింది అమ్మ తీర్చింది. ఆ రాత్రి అమ్మ "తీసుకుందాంలేరా, ఇల్లొస్తది గదా" అంటే నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇంటి కోసం ఇంకో రెండేళ్ళు ఇల్లు లేకుండా ఉండటానికి నేను ఒప్పుకోలేదు. నా జీతం మీద 30 వేలు ముందు తీసుకున్నా, నెలకు మూడు వేలు కోత. నాతో బండి మీద తిరిగే ఇద్దరు స్నేహితులు తలా పది వేలిచ్చారు. అమ్మ ఒక హార్లిక్స్ సీసా తెచ్చి నా ముందు బోర్లించింది. ఎండ్రకాయలమ్మిన డబ్బు, అన్నీ పది, ఇరవై నోట్లు. రెండుసార్లు ఎంచాం. 9,240.

2024 జనవరిలో పునాది తీశాం. గ్రావెల్ పదహారు ట్రాక్టర్లు పట్టింది, ప్లాన్ ఎత్తుకు పది చాలేవి. బేస్‌మెంట్ మొత్తానికి 61 వేలు అయింది. ప్రతి దశలోనూ ఫొటో తీసి యాప్‌లో పెడతారు, ఆ ఫొటోలో ఇంటి యజమాని నిలబడి ఉండాలి, స్థలం మీదే ఉండి తీయాలి. లేఅవుట్‌లో సిగ్నల్ లేదు. మార్చి 5న అమ్మ ఎండలో గంటన్నర నిలబడింది. ఫొటో ఎక్కింది. మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది.

తర్వాత ఏడు నెలలు ఏమీ జరగలేదు. ఏడు నెలలని రాయడం తేలికే. రోజుకో మాట వినేవాళ్ళం: పాత ప్రభుత్వం ఇళ్ళు రద్దంట, పట్టాలు వెనక్కి తీసుకుంటారంట, కొత్తగా మూడు సెంట్లు ఇస్తారంట, కట్టినవి ఆపేయమన్నారంట. జూన్‌లో ప్రభుత్వం మారింది. వాలంటీర్లు లేరు. మా వెల్ఫేర్ కుర్రాడికి బదిలీ అయింది. నా జీతంలో కోత మాత్రం నెలనెలా పడుతూనే ఉంది. నేను పార్శిల్ ఇవ్వడానికి వెళ్ళిన ప్రతి కొత్త ఇంటి ముందూ ఆగి బేస్‌మెంట్ ఎత్తు చూసేవాణ్ణి. అమ్మ ఆదివారం ఆదివారం నడిచి వెళ్ళి, బేస్‌మెంట్ మీద మొలిచిన గడ్డి పీకి వచ్చేది. ఎందుకమా అంటే, "ఎవురూ లేరనుకుంటారు గదరా" అనేది.

దసరా ముందు, అక్టోబరు 8న, ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. బేస్‌మెంట్ బిల్లు పడింది, అనుకున్న దానికంటే తక్కువ. మోసం జరిగిందేమోనని పరుగెత్తా. అది మోసం కాదు. హౌసింగ్ వాళ్ళ గోడౌన్ నుంచి తెచ్చుకున్న సిమెంటు, ఇనుము విలువ బిల్లులో కోసుకుని మిగిలింది వేస్తారు. తెచ్చుకున్న ప్రతి బస్తాకూ చీటీ దాచుకోండి. మాకు రెండు బస్తాలు ఎక్కువ రాసి ఉన్నాయి, చీటీలు చూపిస్తే సరిచేశారు.

2025 మార్చిలో మంచి కబురు వచ్చింది. మొదలుపెట్టి ఆగిపోయిన ఇళ్ళకు ప్రభుత్వం అదనంగా ఇస్తానంది. ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ తెగల వాళ్ళకు లక్ష. మాకు 75 వేలు. ఇదీ దశల వారీగానే, ఇదీ పని అయ్యాకే. కానీ ఈ కాగితం చూపిస్తే సిమెంటు ఇటుకల ఆయన అరువిచ్చాడు, మేస్త్రి సగం కూలి ఆగి తీసుకుంటానన్నాడు. అమ్మ చేరిన పొదుపు సంఘం నుంచి 35 వేలు అప్పు దొరికింది. ఎండాకాలమంతా గోడలు లేచాయి. చెల్లెలు ఇటుకలు మోసింది, నేను రాత్రి డ్యూటీ దిగి వచ్చి గోడలు తడిపా. సెప్టెంబరు 11న స్లాబు వేశాం. ఆ రోజు కట్ట మీది మావాళ్ళు ఇరవై మంది పిలవకుండానే వచ్చి కాంక్రీటు అందించారు. ఎవరూ కూలి తీసుకోలేదు. చేపల పులుసు, అన్నం పెట్టింది అమ్మ.

అక్టోబరు 28. మొంథా తుఫాను. తీరం దాటింది నరసాపురం దగ్గరైనా, రెండు రోజుల ముందు నుంచే మా దగ్గర ఎడతెరిపి లేని వాన. కట్ట మీద ఉండొద్దని మైకులో చెప్పారు. బడికి పోదామన్నా. అమ్మ వినలేదు, కొత్తింటికి పోదామంది. తలుపుల్లేవు, కిటికీలకు చట్రాలే ఉన్నాయి, నేల మట్టి. గుమ్మానికి పట్ట కట్టి, ముగ్గురం లోపలి గదిలో పడుకున్నాం. నాకు నిద్ర పట్టలేదు. ఏ రెండింటికో లేచి చూస్తే అమ్మ గుమ్మం దగ్గర పట్ట పక్కకు లాగి కూర్చుని ఉంది, ఒళ్ళో టార్చిలైటు. బయట లేఅవుట్ అంతా నీళ్ళు. పక్క స్థలంలో తక్కువ ఎత్తులో కట్టిన బేస్‌మెంట్ కనబడటం లేదు. అమ్మ లైటు వేసి మా మెట్ల మీదికి చూపించింది. మూడు మెట్లు. నీళ్ళు రెండో మెట్టు కింద ఆగాయి. ఒక ఎండ్రకాయ మెట్టెక్కి గోడవార నక్కి ఉంది. అమ్మ దాన్ని పట్టుకోలేదు. తెల్లారిందాకా అట్నే కూర్చుంది.

నవంబరులో తలుపులు, మరుగుదొడ్డి అయ్యాయి. 12వ తేదీన రాష్ట్రమంతా ఇళ్ళ గృహప్రవేశాలు పెట్టారు, మాకూ తోరణం కట్టుకోమని చెప్పారు. పాలు పొంగించాం. చివరి ఫొటోలో అమ్మ మొదటిసారి చెప్పులేసుకుని నిలబడింది. మొత్తం ఖర్చు 3 లక్షల 72 వేలు, ప్రభుత్వం లెక్కన రావాల్సింది 2 లక్షల 55 వేలు, తేడా మా అప్పు. చివరి బిల్లు ఇంకా పడలేదు. కరెంటు మీటరు వచ్చింది, నీళ్ళ కుళాయి రాలేదు, రెండు వీధుల అవతల బోరు దగ్గర పట్టుకొస్తున్నారు. నాయన చావు ఎక్కడా రాయించలేదు కాబట్టి అమ్మకు వితంతు పింఛను లేదు. దానికి ఇప్పుడు తిరుగుతున్నా.

డిసెంబరు 9న పంచాయతీ వాళ్ళు వచ్చి గుమ్మం పక్కన నీలం రంగుతో నంబరు వేసి వెళ్ళారు. అమ్మకు చదువు రాదు. ఆ నాలుగు అంకెలూ చెల్లెలి దగ్గర నేర్చుకుంది.

15న ఆధార్‌లో చిరునామా మార్పించడానికి మళ్ళీ అదే సెంటర్‌కు వెళ్ళాం. ఆపరేటర్ మారాడు, మిషన్ మారింది, అమ్మ వేళ్ళు మళ్ళీ పడలేదు. ఈసారి చెయ్యి దాచుకోలేదు. "కళ్ళతో తియ్యి నాయనా" అని తనే చెప్పింది. చాకలి పెద్దమ్మ నంబరు తీసేసి కొత్తది చెప్పమంటే నేను నోరు తెరిచేలోపు అమ్మే చెప్పింది, అంకె తర్వాత అంకె, ఆగి ఆగి. రుసుము 75 రూపాయలు. నేను జేబులో చెయ్యి పెడితే నా మణికట్టు పట్టుకుని ఆపి, కొంగు ముడి విప్పి ఇచ్చింది.